క్రిస్మస్ చెట్టుకు మే నెలలో నీళ్ళు పోసేదెవరు?

క్రిస్మస్ దగ్గర పడుతున్నదంటే మన సముద్రతీర గ్రామాలలో సరుగుడు తోటలు గల రైతులకు రాత్రి కాపలా ఒకటి అదనంగా వచ్చి పడుతుంది. మాను కొట్టుకుపోయే దొంగలు వేరు, వాళ్ళు ఏడాది పొడుగునా వున్నారు. డిసెంబరులో వచ్చేవాళ్ళు మన పిల్లలే. మనిషెత్తు దాటి గోపురంలాగా చక్కగా ఎదిగిన మొక్కను పగలే చూసి పెట్టుకుని, చీకటి పడ్డాక నడిమికి కోసి, మోటారు సైకిలు మీద అడ్డంగా వేసుకుని పోతారు. పండుగ పేరు చెప్పాక రైతు కూడా గట్టిగా అడగలేడు. ఆ మొక్క చర్చిలోనో ఇంటి వాకిట్లోనో ఇసుక నింపిన డబ్బాలో వారం రోజులు పచ్చగా వుండి, కొత్త సంవత్సరానికి వడలి, సంక్రాంతి నాటికి పూర్తిగా ఎండి, వూరందరి కట్టెలతోపాటు భోగిమంటలో పడుతుంది.

ఒక కొమ్మకు ఇంత రాద్ధాంతమా అని కొందరు అంటారు. తోట వేసినవారిని అడిగితే తెలుస్తుంది. తల పోయిన సరుగుడు మొక్క నిటారుగా పెరగదు. ప్రక్క కొమ్మలు రెండు మూడు పైకి లేచి పంగ చీలుతుంది. అట్టి మాను గుంజకు, వాసానికి పనికిరాదు. కాగితం మిల్లు తూకానికో, పొయ్యిలోకో పోవలసిందే. పోతే, మొదలంటా నరికితే మరీ నష్టం. జామాయిలు మోడు మళ్ళీ చిగురించి రెండో కోతకు వస్తుంది. సరుగుడు మోడు అట్లా రాదు. కోత అయిన ప్రతిసారీ కొత్త నారు తెచ్చి నాటవలసిందే గదా. ఇది మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

సొంత తోటల సంగతి ఇట్లా వుంటే, సముద్రపు గట్టున ప్రభుత్వం పెంచిన సరుగుడు వనాల సంగతి మరొకటి. 1977 దివిసీమ తుపాను తరువాత తీరం వెంబడి ఇట్టి వనాలు పెంచడం మీద శ్రద్ధ పెరిగింది. మన జిల్లా 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపానును, 1989 నవంబరులో కావలి దగ్గర దాటిన తుపానును చూసింది. 2004లో సునామీ సరిగ్గా క్రిస్మస్ మరునాడే వచ్చింది. ఉప్పెనను చెట్లు ఆపివేస్తాయని నేను అనను. గాలి జోరును కొంత విరుస్తాయి, సముద్రపు ఇసుక ఎగిరి వచ్చి పొలాలను, దొరువులను పూడ్చకుండా కాస్తాయి. ఆ మాత్రమైనా పాళెం వాళ్ళకు తక్కువ కాదు. రిజర్వు అడవిగా ప్రకటించిన చోట చెట్టు కొట్టడం 1967 నాటి అటవీ చట్టం క్రింద నేరం కూడా. అయినా చట్టం చూపి పండుగ పిల్లలను బెదిరించాలని ఈ విలేఖరి ఉద్దేశ్యం కాదు.

కొట్టిన చెట్టుకు బదులు కుండీలో బ్రతికి వున్న చెట్టును పెట్టుకుని, దానినే ఏటేటా అలంకరించుకోవచ్చుననే ఆలోచన మన వూళ్ళకు కొత్తది కాదు. కడియం నుంచి మొక్కల వ్యానులు మన దాకా వస్తున్నాయి. అంతస్తు అంతస్తుగా కొమ్మలు చాచి, తలమీద నక్షత్రం పెట్టడానికే పుట్టినట్టుండే అరకేరియా మొక్కను "క్రిస్మస్ చెట్టు" పేరుతోనే అమ్ముతున్నారు. మన సంఘాలలో అనేకం దానిని కొన్నాయి. ఒక పాళెంలో యువజనులు చందాలు వేసుకుని వరుసగా మూడేళ్ళు మూడు మొక్కలు కొన్నారు. మూడూ మరుసటి క్రిస్మస్ చూడలేదు. "మన నేలకు అది పడదు" అని తీర్మానించుకుని నాలుగో ఏట తిరిగి సరుగుడు తోట మీద పడ్డారు.

నేలకు పడకపోవడం అనే మాట నిజం కాదు. అరకేరియాలలో ఒక ముఖ్యమైన రకానికి సొంతవూరు నార్ఫోక్ దీవి. ఆస్ట్రేలియాకు తూర్పున నడిసముద్రంలో వున్న చిన్న దీవి అది. 1774లో కెప్టెన్ కుక్ అక్కడ దిగి ఈ చెట్లను చూసి, ఓడ స్తంభాలకు పనికివస్తాయని సంబరపడ్డాడు. తరువాత కొట్టి చూస్తే కలపకు అంత బలం లేదని తేలింది. ఇప్పుడు ఆ దీవి జెండా మీద కూడా ఈ చెట్టు బొమ్మే వున్నది. ఉప్పుగాలిలో పుట్టిన చెట్టుకు మైపాడు గాలి, తుమ్మలపెంట గాలి కొత్తేమీ కాదు. నేలలో వదిలితే 150 అడుగులకు మించి పోగలదు. కుండీలో వుంచితే ఏడాదికి జానెడు ఎదిగి, ఏళ్ళ తరబడి మన చెప్పుచేతల్లో వుంటుంది.

మరి ఎందుకు చస్తున్నది? ఈ విలేఖరి తిరిగిన గ్రామాలలో విచారించినంత మేరకు చెట్టు చచ్చిన నెల ఎప్పుడూ ఒకటే. ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం దాకా. అంటే క్రిస్మస్ ఎవరి మనసులోనూ లేని రోజుల్లో. పండుగనాడు దాని చుట్టూ నలభై మంది వుంటారు. రోహిణి కార్తెలో ఒక్కరూ వుండరు. బడికి సెలవులు, పిల్లలు అమ్మమ్మల వూళ్ళకు పోతారు. పాస్టరు గారు సభలకు పోతారు. చర్చి తలుపు ఆదివారం ఆదివారమే తీస్తారు. వారానికి ఒక రోజు నీళ్ళు తాగి, 40 డిగ్రీలు దాటిన ఎండలో, వడగాడ్పులో, సిమెంటు అరుగు మీద కాలిపోతూ బ్రతికే మొక్క ఏదైనా వుంటే నాగజెముడు ఒక్కటే.

ఇక్కడ మన వాతావరణం సంగతి ఒకటి గుర్తు పెట్టుకోవాలి. మొక్కల పెంపకం గురించి వ్రాసేవారిలో ఎక్కువమంది చలిదేశాల వారు. వాళ్ళకు క్రిస్మస్ అంటే మంచు, చెట్టు నిద్రపోయే కాలం. వెచ్చటి ఇంట్లోకి తెస్తే నిద్ర చెడుతుందని వాళ్ళ బాధ. మనకు అంతా తలక్రిందులు. మన జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే, ఈశాన్య ఋతుపవనాలతో పడుతుంది. కనుక క్రిస్మస్ నాటికి మన చెట్టు ఏడాదిలోకెల్లా నిండుగా వుంటుంది. ఆ నిండు చూసి మనం మోసపోతున్నాం. ఇంక దానికి ఏమీ అక్కరలేదనుకుని వదిలేస్తున్నాం. జనవరి నుంచి ఆరు నెలలు లెక్కపెట్టదగిన వాన వుండదు. ఆ ఆరు నెలలూ మనిషి చెయ్యే వాన కావాలి.

ఆచారం పుట్టుక గురించి కూడా రెండు మాటలు. శీతకాలంలో ఆకు రాల్చని చెట్టును ఇంట్లో నిలిపి అలంకరించడం జర్మనీలో మొదలయింది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం అట్టి చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ లండన్ పత్రికలో అచ్చయ్యాక ఇంగ్లీషు వారిలో బాగా వ్యాపించింది. మన తీరానికి 1840లో శామ్యూల్ డే దొర నెల్లూరు వచ్చి అమెరికన్ బాప్టిస్టు మిషను పెట్టాడు. పదమూడేళ్ళకు, 1853లో, ఫలితం లేదు, మూసివేద్దామా అన్నారు. పటం మీద ఒంటరి నక్షత్రంలాగా వున్నదని ఎవరో అన్న మాట నిలిచిపోయి, మిషనుకు ఆ పేరే వచ్చింది, మిషనూ నిలిచింది. దక్షిణాన, 2022 వరకు మన జిల్లాలోనే వున్న సూళ్ళూరుపేటలో 1865లో జర్మనీ నుంచి వచ్చిన మైలియస్ దొర లూథరన్ పని మొదలుపెట్టాడు. చెట్టు ఆచారం పాశ్చాత్య మిషనరీల వెంట వచ్చింది గాని వాళ్ళ దేవదారు జాతి చెట్లు మన ఎండకు రావు. కంటికి ఆ పోలిక కనబడిన సరుగుడును మనవాళ్ళు పట్టుకున్నారు. నిజానికి సరుగుడుకు ఆ జాతితో చుట్టరికం లేదు. సూదుల్లాగా వ్రేలాడేవి ఆకులు కావు, కణుపులు గల సన్నటి రెమ్మలు. ఒక రెమ్మను విరిచి చూస్తే కణుపు దగ్గర చిన్న పొలుసుల్లాంటివి కనిపిస్తాయి, అవీ ఆకులు. అదీ పరదేశం నుంచి వచ్చి మనదయిన చెట్టే.

అందుచేత ఈ విలేఖరి అభిప్రాయం ఏమంటే, చర్చికి, బడికి, నీడ, మనుషులు వున్న చోట అరకేరియా పెట్టుకోవచ్చు. ఇంటికి మాత్రం సరుగుడునే కుండీలో పెంచుకోవడం మేలు. నారు మొక్క కారు చవుక. పగిలిన ప్లాస్టిక్ డ్రమ్ము సగానికి కోసి, అడుగున నాలుగు చిల్లులు పెడితే అదే కుండీ. ఎర్రమట్టి, దొరువు గట్టు ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి నింపాలి. సముద్రపు ఒడ్డు ఇసుక వద్దు, ఉప్పు వుంటుంది. పాత సరుగుడు తోటలో చెట్టు మొదట్లో మట్టి రెండు గుప్పిళ్ళు తెచ్చి వేర్ల దగ్గర వెయ్యడం మరవకూడదు. సరుగుడు వేర్ల బుడిపెలలో గాలిలోని నత్రజనిని పట్టే సూక్ష్మజీవులు వుంటాయి, ఆ మట్టితో అవి వస్తాయి. సరుగుడు కత్తిరింపుకు బాగా లొంగుతుంది. జూలైలో ఒకసారి, సంక్రాంతి తరువాత ఒకసారి ప్రక్క కొమ్మల కొసలు కత్తిరిస్తే గుబురుగా, గోపురంలాగా తయారవుతుంది. నవంబరు, డిసెంబరులలో కత్తెర పెట్టవద్దు, కోసిన కొసలు ఎర్రబడి పండుగనాటికి అందం చెడుతుంది.

అరకేరియాకు కత్తెర పనికిరాదు. దాని తల విరిగితే ఆ రూపం మళ్ళీ రాదు. క్రింది అంతస్తు కొమ్మ ఒకసారి ఎండి రాలితే ఆ చోట మళ్ళీ కొమ్మ రాదు. కనుక ఈ చెట్టును పెంచడం అంటే వున్న కొమ్మలు పోకుండా చూసుకోవడమే. కొమ్మలు క్రింది నుంచి పోతున్నాయంటే చాలావరకు నీళ్ళు తక్కువయినా అయి వుండాలి, వెలుతురు చాలకయినా వుండాలి. కొంచెం వంగి పెరుగుతున్నదని దిగులుపడేవారు వున్నారు. నర్సరీలలో అరకేరియా పేరున అమ్మే మొక్కలలో కుక్ గారి పేరున్న రకం కూడా వుంటుంది. ఆ రకం చెట్లు ప్రపంచమంతటా భూమధ్యరేఖ వైపు వాలి పెరుగుతాయని 2017లో శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. మన దగ్గర అయితే దక్షిణానికి. ఇంట్లో వెలుతురు ఒక్క వైపు నుంచే వస్తున్నా వంగుతుంది గనుక వారానికి ఒకసారి కుండీని పావువంతు త్రిప్పి చూడండి. అప్పటికీ వంగితే అది దాని పుట్టుక, మీ తప్పు కాదు.

నీళ్ళ సంగతి చెప్పడం తేలిక, చెయ్యడమే కష్టం. వ్రేలు రెండు కణుపులు మట్టిలో దించి చూడాలి. తడి తగిలితే పొయ్యకూడదు, పొడిగా వుంటే అడుగు చిల్లిలోంచి కారేదాకా పొయ్యాలి. వానాకాలంలో అడుగున పళ్ళెం పెట్టవద్దు, నీరు నిలిచి వేరు కుళ్ళుతుంది. వేసవిలో దాదాపు ప్రతిరోజూ, తెల్లవారుఝామునే పొయ్యాలి. మన పాళేలలో మరో చిక్కు వున్నది. చాలా చోట్ల బోరు నీరు ఉప్పన. నేలలో నాటిన చెట్టు తట్టుకుంటుంది గాని కుండీలో ఉప్పు పేరుకుపోతుంది. కుండీ అంచున తెల్లటి పొర కనిపించిందంటే అదే. దొరువు నీరు తియ్యగా వున్న వూళ్ళలో ఆ నీరే వాడాలి. లేనిచోట బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు మంచివి, ఉప్పు తగలనంత వరకు. త్రాగునీటి ప్లాంటులో శుద్ధి చెయ్యగా వదిలేసే నీళ్ళు ఉచితంగా వస్తున్నాయని తెచ్చి పోస్తున్నవారు వున్నారు. అది మొక్కకు విషంతో సమానం. ఉప్పంతా ఆ నీళ్ళలోనే వుంటుంది. అక్టోబరులో మొదటి పెద్ద వానకు కుండీని ఆరుబయట పెడితే ఏడాది ఉప్పు కడుక్కుపోతుంది.

ఏప్రిల్ రాగానే కుండీని వేపచెట్టు నీడకో, ఇంటికి తూర్పు గోడ ప్రక్కకో మార్చాలి. ఉదయపు ఎండ చాలు. సముద్రపు గాలి తిరిగేదాకా పడమటి వడగాడ్పు తగలకుండా ఒక గోనెపట్టా అడ్డం కడితే మరీ మంచిది. సిమెంటు అరుగు మీద వద్దు, నేలమీద రెండు ఇటుకలు వేసి వాటి మీద పెట్టండి. తొలకరి జల్లులకు ఎండ తగ్గాక, రెండు మూడేళ్ళకు ఒకసారి, కుండీ మార్చాలి. వేరుముద్ద చెదరకుండా ఒక సైజు పెద్ద దానిలోకి దించాలి. అప్పుడు మారిస్తే క్రిస్మస్ నాటికి నిలదొక్కుకుంటుంది. వేరుశనగ పిండి నానబెట్టిన తేట నెలకొకసారి పోస్తే బలం. పిండినల్లి పట్టితే సబ్బునీళ్ళ గుడ్డతో తుడవాలి. మేకల సంగతి చెప్పనక్కరలేదు, ముళ్ళకంప కట్టుకోండి.

ఇవన్నీ ఎవరు చేస్తారు? ఇక్కడే అసలు విషయం వున్నది. తులసికోటలో మొక్క తరతరాలు బ్రతుకుతున్నది. దానికి ఎరువు వేసేవారు లేరు, పుస్తకం చదివినవారు లేరు. ఇంటిలో ఒకరు రోజూ చెంబెడు నీళ్ళు పోస్తారు, ఆమె వూరికి పోతే మరొకరికి అప్పగించి పోతారు. కాలువ క్రింద పొలాలకు లస్కరు వంతు వేసినట్టు అది ఇంటి వంతు. చర్చి చెట్టుకు ఆ వంతు లేదు. అందరిదీ అయిన చెట్టు ఎవరిదీ కాకుండా పోతున్నది. మా ప్రాంతంలోనే ఒక పాళెంలో చర్చి ప్రక్క ఇంటి అవ్వ చేతికి సంఘం వారు అరకేరియా కుండీని అప్పగించారు. ఆమె దానిని తన అంట్ల రోలు దగ్గర కాక, బియ్యం కడిగే చోట వేపనీడన పెట్టుకున్నది. ఏడు క్రిస్మస్‌లు అయింది. డిసెంబరులో నలుగురు కుర్రాళ్ళు వచ్చి ఎత్తుకుపోతారు, జనవరిలో తెచ్చి ఇస్తారు. "తెచ్చేటప్పుడు ఒక కొమ్మ విరిచారు" అని ఆమె ఇప్పటికీ దెబ్బలాడుతుంది. మూడు మొక్కలు చచ్చిన పాళేనికీ ఈ పాళేనికీ నేలలో తేడా లేదు, మధ్యలో బకింగ్‌హాం కాలువ కూడా అడ్డం లేదు.

కాబట్టి సంఘ పెద్దలు చెయ్యవలసింది పెద్ద పనేమీ కాదు. జనవరిలో లెక్కలు చదివే ఆదివారం నాడే చెట్టు ఎవరి ఇంట వుంటుందో, వాళ్ళు వూరికి పోతే ఎవరు చూస్తారో పేర్లు చదవాలి. స్త్రీల సమాజానికి అప్పగించడం సులువే గాని, ఇప్పటికే వాళ్ళ నెత్తిన వున్నవి చాలు. నీళ్ళ బిందె మోసే పని యువజనులకు పెట్టాలని నా అభిప్రాయం. సరుగుడు కొమ్మ కొయ్యడానికి రాత్రి రెండు మైళ్ళు పోగలిగినవారికి చెంబెడు నీళ్ళు బరువు కావు.

పండుగ రోజుల్లో కూడా కొంత జాగ్రత్త అవసరం. చెట్టును చీకటి గదిలో రెండు వారాలకు మించి వుంచవద్దు, ఫ్యాను గాలి సూటిగా తగలనివ్వవద్దు. మంచులాగా కనబడాలని దూది అంటిస్తే పండుగ కాగానే తీసివెయ్యాలి. తడిసిన దూది క్రింద రెమ్మలు ఎర్రబడతాయి. వెండిరంగు చల్లడం అసలు వద్దు. కొవ్వొత్తులు వద్దు. సీరియల్ బల్బులు ఈ మధ్య వచ్చే ఎల్‌ఇడి రకమైతే వేడి వుండదు. బరువయిన నక్షత్రాన్ని తలకు కట్టకుండా వెనుక ఒక వెదురు పుల్ల పాతి దానికి కట్టాలి. తీగలు, దారాలు అన్నీ విప్పాలి. విప్పకుండా వదిలిన దారం ఏడాదిలో బెరడులోకి కోసుకుపోయి కొమ్మను చంపుతుంది. తరువాత ఒక్కసారిగా ఎండలో పెట్టక వారం రోజులు వసారాలో వుంచి బయటికి తేవాలి.

ప్లాస్టిక్ చెట్టు కొన్నవారిని ఈ విలేఖరి తప్పుపట్టడు. పదేళ్ళు దాచి వాడుకుంటే అదీ పొదుపే. మన ఉప్పుగాలికి దాని తీగలు తుప్పు పట్టడం, అటక మీద ఎలుకలు కొరకడం మాత్రం చూస్తున్నాము. పిల్లలకు అది పెరిగినట్టు కనబడదు. కుండీ చెట్టు ప్రక్కన ఏటా క్రిస్మస్ నాడు పిల్లవాడిని నిలబెట్టి గోడమీద గీత గీసే ఇళ్ళు వున్నాయి. ఒక ఏడు వాడు పొడుగు, ఒక ఏడు చెట్టు పొడుగు.

చెట్టు కుండీకి మించి పెరిగిందంటే, సరుగుడుకు మూడు నాలుగేళ్ళలో ఆ రోజు వస్తుంది. నవంబరులో వాన పడ్డ మరునాడు ఇంటి పెరటిలోనో తోట గట్టునో నాటి, కొత్త నారు మొక్క కుండీలో పెట్టుకోవచ్చు. అరకేరియాకు పదేళ్ళయినా పట్టవచ్చు. దానిని నాటేటప్పుడు పెంకుటింటికి, కరెంటు తీగలకు ముప్ఫై అడుగులైనా దూరం చూసుకోవాలి. చర్చి ఆవరణలో నాటేవారు సమాధుల వైపు కాక, దొరువు వైపు నాటితే మొదటి రెండు వేసవులు నీళ్ళు మోసే దూరం తగ్గుతుంది.